మందు పోస్తే చాలదు, ఒంట్లో ఎంతుందో చూడాలి

ఫిట్లు వచ్చిన పిల్లవాడి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టే అలవాటు మన పల్లెల్లో ఇంకా పోలేదు. అయినా భూతవైద్యుణ్ణి నమ్ముకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళి, మందు సీసా తెచ్చుకుని, పూట తప్పకుండా పోస్తున్న తల్లులూ ఉన్నారు. ఇంత చేసినా పిల్లవాడు మళ్ళీ పడిపోతే ఏం చేయాలి? కొందరు మందు పనిచేయడం లేదని మానేస్తారు. కొందరు ఇంకో అర చెంచా ఎక్కువ పోస్తారు. రెండూ ప్రమాదమే. హఠాత్తుగా మానేస్తే ఫిట్లు ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి వస్తుంది.

అప్పుడు కావలసింది ఒక రక్తపరీక్ష. మందు నెత్తురులో ఎంత ఉందో అది చెబుతుంది. 1938 నుంచి వాడుకలో ఉన్న ఫినిటాయిన్ సంగతే చూద్దాం. మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉంటే సాధారణంగా గుణం కనిపిస్తుంది. తగ్గితే ఫిట్లు తిరగబెట్టవచ్చు. మించితే పిల్లవాడు తూలుతూ నడుస్తాడు, మాట ముద్దగా వస్తుంది, కనుగుడ్లు అదురుతాయి, బడిలో కునికిపాట్లు పడతాడు. ఇంట్లోవాళ్ళు జబ్బు ముదిరిందనుకుంటారు. ఎక్కువైంది మందు అని వారికెవరు చెప్పాలి?

ఈ మందుకు ఒక పెంకితనం ఉంది. చెరువు తూము పట్టినంత నీరే బయటికి పోతుంది, ఆపైన వచ్చినదంతా చెరువులోనే నిలుస్తుంది. కాలేయమూ ఈ మందును ఒక హద్దు వరకే ఖర్చు చేయగలదు. ఆ హద్దు దగ్గర మోతాదు కొంచెం పెంచినా నెత్తురులో ఒక్కసారిగా పెరిగిపోతుంది.

పైగా పిల్లలు పెరుగుతారు. మూడో ఏట రాసిన మోతాదు ఏడో ఏటికి చాలకపోవచ్చు. చీటీ మాత్రం పాతదే ఉంటుంది. సీసా కదపకుండా పోస్తే మందు అడుగున చేరి, మొదట్లో పలచగా, చివర్లో చిక్కగా పడుతుంది. సీసా చేతికిచ్చేటప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఖర్చేమిటో అర్థం కాదు! బిడ్డకు క్షయ కూడా ఉంటే చిక్కు మరీ ఎక్కువ. క్షయకు ఇచ్చే ఐసోనియాజిడ్ వల్ల ఫినిటాయిన్ ఒంట్లో పేరుకుంటుంది. దానితో కలిపి ఇచ్చే రిఫాంపిసిన్ వల్ల తగ్గిపోతుంది. ఏది పైచేయి అయిందో నెత్తురు చూస్తేగాని తేలదు.

అలాగని ప్రతి బిడ్డకూ నెలనెలా సూది గుచ్చమనడం లేదు. ఫిట్లు ఆగి పిల్లవాడు హుషారుగా ఉంటే అంకెల వెంట పరుగెత్తనక్కరలేదు. వాల్‌ప్రోయేట్ మందులో అంకెకూ గుణానికీ పొంతన అంతంత మాత్రమే. ఫిట్లు తిరగబెట్టినప్పుడు, మత్తు కనిపించినప్పుడు, కొత్త మందు చేరినప్పుడు చూడాలి. నెత్తురు పొద్దుటి మోతాదు పోయకముందే తీయాలి. అది తెలియక మందు పోసి బస్సెక్కిన తల్లిని తప్పుపట్టలేం.

ఆ బస్సు ప్రయాణమే అసలు బాధ. ఈ పరీక్షకు హైదరాబాదు నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రికి పోవాలంటే రెండు రోజుల కూలి పోతుంది, చార్జీలు అదనం. నిజానికి వెళ్ళవలసింది నెత్తురు నమూనా గాని బిడ్డ కాదు. 2018లో హైదరాబాదులో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2021 నుంచి జిల్లాలకూ వచ్చింది. ప్రాథమికారోగ్య కేంద్రంలో తీసిన నమూనాలు బండిలో జిల్లా కేంద్రానికి చేరుతున్నాయి. థైరాయిడ్ పరీక్షకు పోయే బండిలోనే ఫిట్ల మందు నమూనా కూడా పోవచ్చు. జిల్లాలో వీలుకాకపోతే అక్కడి నుంచి హైదరాబాదుకు పంపవచ్చు. నమూనా ఏ రోజున, ఎన్ని గంటలకు తీస్తారో, ఫలితం ఎప్పుడు వస్తుందో ప్రతి ఆరోగ్య కేంద్రం గోడ మీద రాయించవలసిన బాధ్యత జిల్లా వైద్య ఆరోగ్యాధికారిది.