పెంటకుప్పయు యూరియా బస్తాయు

2025వ సంవత్సరపు వానకాలమున తెలంగాణమందును ఆంధ్రప్రదేశమందును రైతులు యూరియా కొఱకు తెల్లవాఱకమునుపే వరుసలు కట్టిరి. నిలువలేక చెప్పులను వరుసలో నుంచి ప్రక్కన కూర్చున్నవారును గలరు. అట్టి రైతును చూచి, రసాయనములేల, పశువుల పెంట లేదా యని హితవు చెప్పుట సులభము. (చెప్పువారిలో పేడతట్ట నెత్తి కెత్తుకొనినవా రెందఱో!) ఆ పెద్దలు లెక్క వేసి చూచినట్లు కానరాదు.

బాగుగా చివికిన పశువుల యెరువున నత్రజని నూటికి అరపాలు మాత్రము. యూరియాలో 46 పాళ్లు. పది టన్నుల పెంటను పొలమునకు తోలినచో వచ్చు నత్రజని 50 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలు రెండున్నరలోపుననే యది యంతయు నిమిడియున్నది. పైగా పెంటలోని నత్రజని మొదటి యేట పైరునకు దక్కునది కొంతయే. తక్కినది తరువాతి యేండ్లలో మెల్లమెల్లగా విడివడును. వరి పిలకలు వేయువేళ ఆకు పసుపువాఱినచో పెంటకుప్ప ఆ యక్కఱ తీర్చజాలదు. 2021లో సింహళద్వీప ప్రభుత్వము రసాయనిక యెరువుల దిగుమతిని ఒక్కుమ్మడి నిషేధించి, పంట చెడి, ఆ యేడు నవంబరునకే వెనుకకు తగ్గవలసివచ్చినది. ఒక్క కలముపోటుతో నేల స్వభావము మాఱదు.

అట్లని బస్తాయే చాలునా? ఇంగ్లండులోని రొథామ్‌స్టెడ్డు క్షేత్రమున 1843 నుండి ఒకే చేనిలో గోధుమను పరీక్షార్థము పండించుచున్నారు. ఒక మడికి ఏటేట హెక్టారునకు 35 టన్నుల పశువుల యెరువు. కొన్నిటికి ఖనిజపు టెరువులు. ఒకదానికి ఏమియు లేదు. తగు మోతాదు నందిన ఖనిజపు మళ్లు దిగుబడిలో పెంటమడితో సరితూగగలిగినవి. భేదమంతయు మట్టిలో కనబడినది. పెంటమడిలోని సేంద్రియ పదార్థము, ఏమియు వేయని మడిలోనిదానికి రెండింతలు మించినది. అట్టి మన్ను గుల్లబాఱును, నీటిని పట్టియుంచును, వానపాములకు తావగును. జింకు మొదలగు సూక్ష్మధాతువులును పైరునకు కొంత దొరకును. యూరియా యిచ్చునది నత్రజని యొక్కటియే. మన చల్క నేలలలో నీరు నిలువదు; వేసిన నత్రజని పెద్దవానతో వేళ్లకందని లోతునకు జాఱిపోవును. ఆ నేలలు పెంటలేక బస్తాను కూడ నిలుపుకొనలేవు.

ఇంతకును ఆ పెంట యెక్కడ? ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చినవి. ఉన్న పేడలో కొంత పిడకలై పొయ్యిలో కాలుచున్నది. 1893లోనే డాక్టరు వోల్కరు తన నివేదికలో భారతదేశపు సేద్యమునకు పట్టిన యీ చేటును ఎత్తి చూపియుండెను. మిగిలినది దిబ్బమీద ఎండకెండి వానకు నానును. సారములో మంచి పాలు గాలిలో కలియును, కాలువలో పోవును. పశువుల మూత్రము కొట్టపు నేలలోనే యింకిపోవును. గోతిలో వేసి, మట్టి కప్పి మాగబెట్టినచో ఆ సారమే చాలవఱకు నిలుచును. పెంట చాలనిచోట జీలుగయో జనుమో విత్తి పూతకు రాగానే కలియదున్నవచ్చును. చెరువు పూడికమట్టి తోలుకొనవచ్చును. ఇవి మన రైతు లెఱుగని సంగతులు కావు. కూలియు బండి కిరాయియు గిట్టకనే మానిరి.

ధరల విషయమున దోషము ప్రభుత్వమునదే. 2010 ఏప్రిలు 1 నుండి భాస్వరపు, పొటాషు టెరువులకు పోషకముల ననుసరించి సబ్సిడీ నిర్ణయించి, ధరను విడిచిపెట్టిరి. యూరియాను మాత్ర మా పద్ధతికి వెలుపల నుంచిరి. చౌకయైనదానిని రైతు మిక్కిలిగా చల్లుట తప్పుగా నెంచరాదు. అయితే ఆ చౌకదనమునకు ఆధారమైన సహజవాయువులో పెద్దభాగము పరదేశములనుండి ఓడలలో వచ్చుచున్నది. పొటాషు ఇంచుమించుగా నంతయు దిగుమతియే.

ఎరువుల సబ్సిడీకి కేంద్ర ఖజానా ఇటీవలి యేండ్లలో ఏటేట లక్షన్నర కోట్ల రూపాయలకు పైబడి వెచ్చించినది. గోబర్ధన్ కర్మాగారములలో తయారగు సేంద్రియపు టెరువునకు టన్నునకు 1500 రూపాయల సహాయమును 2023లో ప్రకటించిరి. తన దొడ్డిలో గోయి త్రవ్వి, తన పశువుల పేడను మాగబెట్టుకొను రైతున కా సహాయము వర్తింపదు. ఆ గోతికిని, బండి కిరాయికిని టన్నునకు ఇంతయని గ్రామమందే లెక్కగట్టి యిచ్చుటకు అడ్డమేమో వ్యవసాయశాఖవారు చెప్పవలెను.