కణ పరీక్షలు వచ్చినా మంచం దగ్గర కాపలా తప్పదు



మనం రోగికి ఇచ్చే ప్రతి మందూ ఎన్నో పరీక్షలు దాటుకుని వస్తుంది. అయినా కొన్ని మందుల విషగుణం మనిషి ఒంట్లోకి వెళ్ళాకే బయటపడింది. 1993లో అమెరికాలో హెపటైటిస్ బి రోగులు 15 మందికి ఫయాలురిడిన్ అనే కొత్త మందు ఇచ్చి చూశారు. అంతకుముందు జంతువులపై జరిపిన పరీక్షల్లో ఇంతటి ప్రమాదం కనిపించలేదు. కొన్ని వారాల తరువాత ఏడుగురి కాలేయం పూర్తిగా దెబ్బతింది. వారిలో ఐదుగురు చనిపోయారు. ఇద్దరు కాలేయ మార్పిడితో బతికారు.

ఇలాంటి హానిని ముందే పసిగట్టడానికి ఇప్పుడు ప్రయోగశాలలో పెంచిన మానవ కణాలపై మందు వేసి, వాటి జన్యువుల పనితీరును గమనిస్తున్నారు. కణంలోని జన్యువులన్నీ ఒకేసారి పనిచేయవు. పనిచేసే జన్యువు నుండి ఆర్.ఎన్.ఎ. అనే సందేశం బయలుదేరుతుంది. కణానికి హాని మొదలైతే, అది చనిపోకముందే, రక్షణకూ మరమ్మతుకూ సంబంధించిన సందేశాలు పెరుగుతాయి. రోగి పరిస్థితి విషమించకముందే నాడిలో తేడా తెలిసినట్లే ఇదీను. వేల జన్యువుల సందేశాలను ఒకేసారి కొలిచి, విషమని ఇదివరకే తెలిసిన పదార్థాల ఫలితాలతో పోల్చుతారు. జపాన్ శాస్త్రజ్ఞులు సుమారు 170 రసాయనాలపై ఇలాంటి సమాచారాన్ని సేకరించి అందరికీ అందుబాటులో ఉంచారు.

ఈ పద్ధతిని మేము మనసారా స్వాగతిస్తున్నాం. జంతు పరీక్షలు తప్పనిసరి అన్న నిబంధనను అమెరికా 2022 డిసెంబరులో సడలించింది. 2023లో మన దేశం కూడా కణ పరీక్షల వంటి పద్ధతులకు చోటిచ్చింది.

అయితే కణం మనిషి కాదు. గిన్నెలో పెంచిన కాలేయ కణాలు మందులను విరిచే శక్తిని కొద్ది రోజుల్లోనే చాలావరకు కోల్పోతాయి. వారాల తరువాత బయటపడే హాని ఒకటి రెండు రోజుల పరీక్షకు అందకపోవచ్చు. పైగా గిన్నెలోని కణం పస్తులుండదు, సారా తాగదు. మన క్షయ రోగులలో అలాంటివారు ఎందరో. వారు వాడే ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయానికి హాని చేయగలవే.

కనుక చివరి పరీక్ష వార్డులోనే, ఇంటిలోనే జరుగుతుందని మా అభిప్రాయం. రోగి అన్నం సహించడం లేదన్నా, వాంతులవుతున్నా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా, కళ్ళు పచ్చబడినా “మందు వేడి చేసింది” అని సరిపెట్టుకోవద్దు. ఆ రోజే డాక్టరుగారికి చెప్పాలి. నర్సులు కేస్ షీటులో రాయాలి. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం మన దేశంలో 2010లో మొదలైంది. దానికి డాక్టర్లే కాదు, నర్సులూ, రోగులూ కూడా తెలియజేయవచ్చు. టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024.

ప్రయోగశాలలో కణం ఇచ్చే సందేశాన్ని శాస్త్రజ్ఞులు అంత శ్రద్ధగా చదువుతున్నారు. రోగి నోటితో చెప్పే మాటను మనం అంతకంటే శ్రద్ధగా వినాలి.