చక్కెర ఊళ్లో బడి గేటు ముందు

బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం కాలపు చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. కార్మిక కుటుంబాలు ఉపాధి కోల్పోయాయి. చక్కెర మాత్రం ఊరు విడిచి పోలేదు. రంగు సీసాలలో మన పిల్లల బడి గేటు ముందు అమ్ముడవుతున్నది.

చక్కెర, ఉప్పు, కొవ్వు అధికంగా గల పదార్థాలను బడి గేటుకు 50 మీటర్ల లోపు పిల్లలకు అమ్మరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధన విధించింది. 300 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. పెద్దవారికి సైతం రోజుకు 25 గ్రాములు మించకుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. బీడీలు చుట్టే తల్లుల కష్టార్జితం ఆ సీసాలకు పోతున్నది.

నిజామాబాద్ నగరపాలక సంస్థను, బోధన్ పురపాలక సంఘాన్ని మేము కోరేవి మూడు. ఉర్దూ మాధ్యమ పాఠశాలలతో సహా ప్రతి బడిలో శుద్ధమైన తాగునీరు ఉండాలి. 50 మీటర్ల నిబంధన అమలు కావాలి. ఆ పేరుతో తోపుడుబండ్ల పేదలను వేధించరాదు. వారిలో మనవారు ఎందరో ఉన్నారు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వారికి చోటు చూపి, పండ్లు, ఉడికించిన శనగలు, మజ్జిగ అమ్ముకొనేలా తోడ్పడాలి.

హలాలా కాదా అని విచారించే మనం, తయ్యిబ్ అవునా అని కూడా విచారించాలి. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్‌పై, షాదీఖానా విందులలో ఆ సీసాలు మానుదాం. సోమవారం ప్రజావాణిలో ఈ కోర్కెలతో అర్జీ ఇవ్వండి. రశీదు తప్పక తీసుకోండి.