జమా - ఖర్చు: హార్మోను మాత్రల లెక్క

"ముట్లుడిగాక హార్మోను మాత్రలు వేసుకుంటే క్యాన్సర్ వస్తుందట కదా!" అన్న మాట మన ఆడవాళ్ళు నలుగురు కూడిన చోట తరచు వినిపిస్తుంది. ఒంట్లో ఆవిర్లు, రాత్రిళ్ళు చెమటలు, నిద్రలేమి, ఊరికే చిరాకు - ఇవన్నీ భరిస్తూ డాక్టరును అడగడానికైనా జంకేవారు ఎందరో. నేను చదివింది వైద్యం కాదు, కామర్సు. అయితే ఈ భయం వెనుక ఉన్నది ఒక లెక్క కనుక, దానిని పాఠకుల ముందు ఉంచుతున్నాను.

మన దేశంలో స్త్రీలకు సగటున 46-47 ఏళ్ళకు ముట్లు ఆగిపోతాయి. అండాశయాల్లో ఈస్ట్రోజెన్ తయారీ బాగా తగ్గిపోతుంది. ఆ లోటును బయటినుంచి కొంత పూడ్చడమే హార్మోను చికిత్స. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపొరకు క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని 1975లో తేలింది. అందుకే గర్భసంచి ఉన్నవారికి ప్రొజెస్టిన్ కూడా కలిపి ఇస్తారు.

ఈ మాత్రలు గుండెను సైతం కాపాడతాయని ఒకప్పుడు నమ్మేవారు. అది నిజమో కాదో తేల్చడానికి అమెరికాలో 'విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్' పేరుతో పెద్ద పరిశోధన జరిగింది. గర్భసంచి ఉన్న 16,608 మందిలో సుమారు సగం మందికి రెండు హార్మోన్లు కలిపిన మాత్రలు, మిగిలినవారికి మందులేని మాత్రలు ఇచ్చారు. మేలు కంటే కీడే ఎక్కువగా కనబడి, 2002 జూలైలో దానిని మధ్యలోనే ఆపేశారు. రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరిగిందన్న వార్త ప్రపంచమంతా పాకింది.

అసలు ఎంతో చెప్పకుండా శాతం మాత్రమే చెబితే వడ్డీ ఎంతో తెలియదు కదా! ఇక్కడా అంతే. పదివేలమందిని ఏడాదిపాటు గమనిస్తే, మందు వాడనివారిలో 30 మందికి, వాడినవారిలో 38 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. తేడా 8 మంది. అదే లెక్కన గుండెపోటు వంటివి 7, పక్షవాతం 8, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు 8 పెరిగాయి. ఇది ఖర్చు వైపు. జమ వైపు చూస్తే తుంటి ఎముక విరగడం 5, పెద్దపేగు క్యాన్సర్ 6 తగ్గాయి. ఎనిమిది మంది అంటే చిన్న విషయమని నేననడం లేదు. కానీ వంద మందిలో 26 మందికి క్యాన్సర్ వస్తుందని అనుకోవడం మాత్రం పొరపాటు.

మరొక సంగతి. ఆ పరిశోధనలో పాల్గొన్నవారి సగటు వయసు 63. అరవై దాటనివారికి, లేదా ముట్లు ఆగి పదేళ్ళు కానివారికి, ఇతర ఆటంకాలేవీ లేకుంటే, ఆవిర్ల బాధకు ఈ చికిత్సలో సాధారణంగా మేలే ఎక్కువని నేటి నిపుణుల అభిప్రాయం. గర్భసంచి తీసేసిన 10,739 మందికి జరిపిన వేరే పరిశోధనను 2004లో ఆపారు. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడిన వారిలో పక్షవాతం పెరిగింది గాని రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. ఇది మనవాళ్ళు గమనించదగ్గది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భసంచి ఆపరేషన్లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే దేశంలో ముందున్నాయి. చిన్న వయసులోనే అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలకు, గుండెకు నష్టం. అటువంటివారు హార్మోను విషయం డాక్టరుతో తప్పక మాట్లాడాలి.

గుండెజబ్బు, రొమ్ము క్యాన్సర్ల గురించి ఈ మందుల మీద ఉంచిన తీవ్ర హెచ్చరికలను తొలగిస్తున్నట్లు 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రకటించింది. అంతమాత్రాన దుకాణంలో కొనుక్కుని మింగేయకూడదు. రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, గుండెపోటు, రక్తపు గడ్డలు, కాలేయ వ్యాధి వచ్చినవారికి ఇది సాధారణంగా పనికిరాదు. గుండెజబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా వాడటమూ తగదు. ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్ళీ రక్తం కనబడితే, మందు వాడుతున్నా లేకున్నా, వెంటనే పరీక్ష చేయించుకోవాలి.

డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు వయసు, ముట్లు ఆగిన సంవత్సరం, గర్భసంచి, అండాశయాలు ఉన్నవీ లేనివీ, ఇంట్లో ఎవరికైనా వచ్చిన క్యాన్సర్ - ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఇంటిలోని మగవారికీ ఒక మనవి. "ఈ వయసులో ఇవన్నీ మామూలే" అని కొట్టిపారేయకుండా, ఆమెకు తోడుగా మీరూ వెళ్ళండి.