మాటల వేట ఇంగ్లీషు పాఠమేనా?

ఎక్స్, వై, జి - ఈ మూడు అక్షరాలూ ఉన్న ఇంగ్లీషు మాట ఒకటి చెప్పండి చూద్దాం! అక్షరాలు ఇదే వరుసలో రానక్కరలేదు. పక్కపక్కనే ఉండనక్కరలేదు. మధ్యలో వేరే అక్షరాలు ఎన్నయినా ఉండవచ్చు.

ఇట్లాంటి ప్రశ్న వేయగానే మీలో చాలామంది, ముఖ్యంగా తెలుగు మీడియంలో చదివేవారు, "మాకు అన్ని ఇంగ్లీషు మాటలు రావండీ" అని తప్పుకుంటారు. బడిలో పోటీ పెట్టినా ఇదే తంతు. ఎక్కువ మాటలు రాసినవారికి బహుమతి, మిగిలినవారికి చప్పట్లు కొట్టే పని. ఇది సరికాదని నా అభిప్రాయం. మాటలు కొన్నయినా తెలిసి ఉండాలి, నిజమే. కాని తెలిసిన మాట సమయానికి తోచకపోవడమే అసలు చిక్కు. పై ప్రశ్నకు జవాబు సైన్సు పాఠంలో మీరు ఎన్నోసార్లు విన్నదే.

మరి తోచేదెట్లా? మూడింటిలో అరుదైన అక్షరాన్ని ముందు పట్టుకోండి. ఇక్కడ అది ఎక్స్. దీనితో మొదలయ్యే ఇంగ్లీషు మాటలు బహు కొద్ది. సాధారణంగా ఇది ఒక అచ్చు వెనకాల వస్తుంది: బాక్స్, సిక్స్, టాక్సీ గుర్తు చేసుకోండి. కాబట్టి ఎక్స్‌కు ముందు ఒక్కొక్క అచ్చునూ, తరువాత వైని పెట్టి చూద్దాం. ఎ-ఎక్స్-వై... జి కూడా కావాలి గదా! గెలాక్సీ! అంటే నక్షత్రవీధి. ఇప్పుడు ఒ-ఎక్స్-వై... మనం పీల్చే ఆక్సిజన్! ఒకటి అడిగితే రెండు దొరికాయి. నిఘంటువు అంతా బట్టీపట్టినవాడు చేసిన పని కాదిది. వెతకవలసిన చోటును కుదించుకుంటూ పోయాం, అంతే. ప్రయోగశాలలో పేరు తెలియని లవణం ఇచ్చి పరీక్షించమన్నప్పుడు చేసేదీ ఇదే.

ఇచ్చిన అక్షరాలనే వాడి మాట చేయమంటే అది వేరే రకం ప్రశ్న. అక్షరాలను అటూ ఇటూ మార్చి చూస్తే సరి అనుకుంటారు. మూడు వేర్వేరు అక్షరాలైతే 6 రకాలుగా పేర్చవచ్చు, సరే. ఐదైతే 120, ఏడైతే 5,040. పది అక్షరాలైతే 36,28,800! సెకనుకు ఒకటి చొప్పున నిద్రాహారాలు మాని రాసినా సరిగ్గా 42 రోజులు పడుతుంది. లెక్క మీరే వేసి చూసుకోండి.

ఇక్కడ పనికొచ్చే ఉపాయం నాకు చాలా ఇష్టం. మాటలోని అక్షరాలను ఎ నుంచి జెడ్ వరకు ఉన్న వరుసలో సర్దాలి. పలక అనే అర్థం గల 'స్లేట్' తీసుకోండి: ఎస్-ఎల్-ఎ-టి-ఇ. సర్దితే ఎ-ఇ-ఎల్-ఎస్-టి అవుతుంది. దొంగిలించడమనే 'స్టీల్'ను సర్దండి, అదే వస్తుంది. అతి తక్కువ అనే 'లీస్ట్', పాసిపోయిన అనే 'స్టేల్', కథలు అనే 'టేల్స్' - అన్నిటికీ అదే వరుస! ఎదురైన ప్రతి కొత్త మాటనూ ఇట్లా సర్ది నోటుబుక్కులో రాసుకుంటే, ఒకే వరుస గల మాటలన్నీ ఒకేచోట చేరతాయి. దానికి సి చేర్చండి: కోట అనే 'కాసిల్' వస్తుంది. అందులో టి రాతలో ఉండి పలుకులో మాయమవుతుంది. ఈ వేటలో చెవిని నమ్మరాదు సుమా! మన గుణింతంలో అచ్చు హల్లుకు అతుక్కుని ఉంటుంది. ఇంగ్లీషులో దేనికదే విడి. అందువల్లనే అక్కడ పేకముక్కల్లా కలపడం కుదురుతుంది.

ఈ సర్దుడును ఒక శాస్త్రజ్ఞుడు రహస్యం దాచడానికి వాడుకున్నాడు. శనిగ్రహం చుట్టూ వలయం ఉందని హైగెన్స్ గ్రహించాడు. చెబితే మరొకరు తమదంటారేమో, చెప్పకపోతే ముందు కనుక్కున్నది తానని రుజువుండదు. అందుకని 1656లో తన లాటిన్ వాక్యంలోని అక్షరాలను వరుసగా సర్ది అచ్చువేశాడు: మొదట ఏడు ఎలు, ఆపైన ఐదు సిలు, ఇట్లా. 1659లో అసలు వాక్యం బయటపెట్టాడు.

ఇప్పుడు ఫోనులో అక్షరాలు కొడితే మాటల జాబితా క్షణంలో వస్తుంది. అది తప్పని నేననను. కంప్యూటరు చేత వెతికించే పద్ధతుల్లో పైన చెప్పిన సర్దుడూ ఒకటి. అయితే జాబితాను ముందే చూస్తే వేటాడింది ఫోను, మీరు కాదు. మీరు పట్టుకున్న మాట సరైనదో కాదో చూసుకోవడానికి దాన్ని వాడండి. పోటీలు పెట్టే ఉపాధ్యాయులకూ ఒక మనవి: ఎన్ని మాటలు రాశారన్నదానితోపాటు ఎట్లా వెతికారో కూడా రాయమని, దానికి సగం మార్కులు ఇవ్వండి. అప్పుడు వెనక బెంచీలో ఎవరు లేచి నిలబడతారో చూద్దాం.

సరే, వి, వై, జి ఉన్న మాట చెప్పండి. ఇంగ్లీషులో ఐ-టి-వైతో ముగిసే మాటలు చాలా ఉన్నాయని మాత్రం గుర్తు చేస్తాను. అది మిమ్మల్ని ఈ క్షణాన కూడా నేలమీద పట్టి ఉంచుతోంది.