మొక్కతో పాటు కంచె కూడా ఇవ్వండి

ఏలూరు జిల్లా అటవీ అధికారి గారికి,

ముదురుతున్న ఎండలకు ఓర్చే నారేపి లాంటి చెట్లతో అడవిని పెంచాలంటే, నాటడం కంటే మేత నుంచి కాపాడటమే కష్టం. నారేపి ఆకంటే మేకలకు ప్రాణం. కొస చిగురు కొరికితే మొక్క పక్కలకు రెమ్మలేసి, ఏళ్ల తరబడి మోకాలెత్తు పొదగానే ఉండిపోతుంది. మేకలు నోట పెట్టని తంగేడు, లాంటానా మాత్రం ఏపుగా పెరుగుతాయి. అండమాన్‌లోనూ ఇదే జరుగుతోంది: బ్రిటిష్‌వాళ్లు వదిలిన చుక్కల దుప్పులు, వేటాడే పులి లేక పెరిగిపోయి, అడవి మొలకల్ని ఎదగనివ్వడం లేదు.

చాట్రాయిలో మామిడి అంటు నాటిన రోజే చుట్టూ ముళ్లకంప కడతాం. అడవి మొక్కకూ ఆ కంచె ఖర్చు అంచనాల్లోనే చేర్చండి. మేకల కాపర్ల పొట్ట కొట్టకుండా, వేరే బీడు ముందే చూపించండి. మూడో ఏట బతికిన మొక్కల లెక్క ఊళ్లో బోర్డు మీద రాయించండి.

ఇట్లు,
చాట్రాయి మామిడి రైతు