బూడిద లెక్కల్లో తేలని నిజం

విశాఖపట్నం: థర్మల్‌ విద్యుత్‌ కేంద్రాల్లో బొగ్గు మండిన తరువాత మిగిలే బూడిదతో, బట్టీలో కాల్చనవసరం లేని ఇటుకను చిన్న పరిశ్రమలు సైతం తయారు చేసుకోగల విధానం విశాఖపట్నంలోనే రూపుదిద్దుకుంది. ఇక్కడి ఇన్‌స్వారెబ్‌ పరిశోధన సంస్థకు చెందిన ఎన్‌. భానుమతిదాస్‌, ఎన్‌. కాళిదాస్‌ ఆవిష్కరించిన ‘ఫాల్‌-జి’ పరిజ్ఞానం 1990వ దశకంలో ఇతర రాష్ట్రాలకూ విస్తరించింది. ఇప్పుడు దేశంలో వెలువడే బూడిదలో అత్యధిక భాగం వినియోగమవుతోందని అధికారిక గణాంకాలు చాటుతున్నాయి. అయితే ఆ బూడిద ఎక్కడికి చేరుతోంది, దేనిని ఆదా చేస్తోంది అన్న ప్రశ్నకు ఆ అంకెల్లో జవాబు దొరకదు. విశాఖ పరిశోధన విలువ తెలియాలంటే ఈ ప్రశ్న వేయక తప్పదు.

మంట లేని ఇటుక

ఫ్లైయాష్‌, లైమ్‌ అంటే సున్నం, జిప్సం- ఈ మూడింటి పేర్లు కలిస్తే ఫాల్‌-జి. బూడిదలోని సిలికా, అల్యూమినా నీటి సమక్షంలో సున్నంతో చర్య జరిపి సిమెంటు వలె గట్టిపడతాయి. జిప్సం తొలిరోజుల బలాన్ని పెంచుతుంది. సున్నం లభించని చోట కొంత సిమెంటును వాడుతున్నారు. మిశ్రమాన్ని అచ్చులో ఒత్తి, రెండు వారాలపాటు నీటితో తడిపితే ఇటుక సిద్ధమవుతుంది. బొగ్గు, ఊక, కట్టెలతో పనిలేదు.

సాధారణ ఎర్ర ఇటుక బరువు సుమారు 3 కిలోలు. ఆ లెక్కన లక్ష ఇటుకలంటే దాదాపు 300 టన్నుల మట్టి. అది చాలావరకు పంటభూమి పైపొర నుంచి, ఏటిగట్ల నుంచి తవ్వి తెచ్చేదే. ఆ మట్టిని ఎండబెట్టి కాల్చడానికి ఇంధనం అదనం. బూడిద ఇటుక ఈ రెండు ఖర్చులనూ తప్పిస్తుంది. కొలతలు సమంగా ఉండటం వల్ల గోడకు పట్టే సిమెంటు పూత సైతం తగ్గుతుంది.

ఒక్కొక్క చిన్న యూనిట్‌ ఆదా చేసే ఇంధనం స్వల్పం. క్యోటో ఒప్పందం కింద ఏర్పడిన కర్బన విపణి దాకా అది ఒంటరిగా వెళ్లజాలదు. విశాఖకు చెందిన ఎకో కార్బన్‌ సంస్థ పలు యూనిట్లను ఒక గుత్తిగా చేర్చగా, తగ్గిన ఉద్గారాలను ప్రపంచ బ్యాంకు నిర్వహణలోని సామాజికాభివృద్ధి కర్బన నిధి కొనుగోలు చేసింది. 2012 తరువాత ఆ విపణిలో ధరలు కుప్పకూలినా బూడిద ఇటుక మార్కెట్‌లో నిలిచే ఉంది.

శాతాల చాటున

1999 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ బూడిద వినియోగంపై తొలి ఉత్తర్వు జారీ చేసింది. బూడిదను పదేళ్లపాటు ఉచితంగా ఇవ్వాలని విద్యుత్‌ కేంద్రాలను ఆదేశించింది. పలు సవరణల అనంతరం 2021 డిసెంబరు 31న వెలువడిన నోటిఫికేషన్‌ నూరు శాతం వినియోగాన్ని తప్పనిసరి చేస్తూ, మిగిలిన బూడిదపై టన్నుకు రూ.1,000 చొప్పున పర్యావరణ పరిహారం విధించింది. ఫలితం కనిపిస్తోంది. 1996-97లో దేశంలో 6.9 కోట్ల టన్నుల బూడిద వెలువడగా వినియోగం 10 శాతం లోపే. 2021-22లో 27 కోట్ల టన్నులకు గాను సుమారు 96 శాతం వినియోగమైంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. పల్లపు భూములను, మూతపడిన గనులను బూడిదతో నింపినా అది వినియోగం కిందికే వస్తుంది. సిమెంటులో కలిపినా అదే పద్దు. ఇటుకగా మలిచినా అదే పద్దు. గుంతలో పోసిన బూడిద కేవలం చోటు మారుతుంది. సిమెంటులో చేరిన బూడిద క్లింకర్‌ను తగ్గిస్తుంది. టన్ను క్లింకర్‌ తయారీలో దాదాపు 0.8 నుంచి 0.9 టన్నుల కార్బన్‌ డయాక్సైడ్‌ విడుదలవుతుంది కనుక ఈ తేడా చిన్నదేమీ కాదు.

నిర్ణయం ఇంజినీరుదే

భవనానికి ఏ సిమెంటు, ఏ ఇటుక వాడాలో నిర్దేశించేది స్ట్రక్చరల్‌ ఇంజినీరు. ఫ్లైయాష్‌ ఆధారిత పొజోలానా సిమెంటులో 15 నుంచి 35 శాతం వరకు బూడిద ఉండవచ్చునని భారతీయ ప్రమాణాలు అనుమతిస్తున్నాయి. ఈ కాంక్రీటు నెమ్మదిగా బలం పుంజుకుంటుంది. పునాదుల మీద పూర్తి భారం పడటానికి నెలలు పడుతుంది కాబట్టి అక్కడ ఈ ఆలస్యం లోపం కాదు. స్లాబుకు మాత్రం సెంట్రింగ్‌ విప్పే తేదీని జాగ్రత్తగా నిర్ణయించాలి. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు తడపాలని ఐఎస్‌ 456 నియమావళి చెబుతోంది. పని త్వరగా ముగించాలన్న తొందరలో ఆ మూడు రోజులు ఎగ్గొట్టి, పగుళ్లు వచ్చాక బూడిదను నిందించడం న్యాయం కాదు.

ఇటుకల విషయంలోనూ నాణ్యతే గీటురాయి. విద్యుత్‌ కేంద్రంలో పొడిగా సేకరించే సన్నని బూడిదకు, చెరువుల్లోకి నీటితో వదిలిన ముతక బూడిదకు చర్యాశక్తిలో చాలా అంతరం ఉంది. ముతక బూడిదతో, చాలీచాలని తడుపుతో తయారైన ఇటుక చేతిలోనే రాలిపోతుంది. మొత్తం పరిశ్రమకే చెడ్డపేరు తెస్తుంది. కొనుగోలుదారు సులువుగా చేయదగిన పరీక్ష ఒకటుంది. బాగా ఆరిన ఇటుకను తూచి, 24 గంటలు నీటిలో నానబెట్టి, తడి తుడిచి మళ్లీ తూచాలి. సాధారణ శ్రేణి ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చరాదు. అంటే 3 కిలోల ఇటుకకు 600 గ్రాములే హద్దు.

చేయవలసిందేమిటి?

ప్రస్తుతం అనకాపల్లి జిల్లా పరిధిలో ఉన్న పరవాడ సింహాద్రి కేంద్రం స్థాపిత సామర్థ్యం 2,000 మెగావాట్లు. దేశీయ బొగ్గులో బూడిద పాలు 30 నుంచి 45 శాతం. బొగ్గు మండినంతకాలం బూడిద తప్పదు. ఆ బూడిదలో ఎంత ఇటుకలకు, ఎంత సిమెంటుకు, ఎంత గుంతలకు వెళ్లిందో జిల్లాల వారీగా ప్రజలకు తెలియాలి. పాఠశాలలు, ఆసుపత్రులు, పేదల ఇళ్ల అంచనాల్లో బూడిద ఇటుకతో పాటు నాణ్యత పరీక్షలకూ, అదనపు తడుపు రోజులకూ చోటు కల్పించాలి. వినియోగం నూరు శాతానికి చేరవచ్చు. అందులో సగం గుంతల పాలైతే విశాఖ పరిశోధన చూపిన దారిని మనం సగమే నడిచినట్లు.